కమలాదేవి చట్టోపాధ్యాయ: చేతివృత్తులకు అండ



మీరు తూర్పు ఢిల్లీలోని లక్ష్మీనగర్‌లో ఉంటూ దుస్తుల రూపకల్పన నేర్చుకుంటున్నారనుకుందాం. ప్రకృతి ఆధారంగా అయిదారు దుస్తులు తయారుచేసి ప్రదర్శించమని మీకు పని అప్పగించారు. వెంటనే మీరు ఆకులు, పూలు, నెమళ్ల బొమ్మలు గీయడం మొదలుపెడతారు. కాని ఆ బొమ్మకు రంగు ఎక్కడ నుంచి వస్తుంది? దాన్ని బట్ట మీద వేసే చేతికి కూలి గిట్టుతుందా? ఈ రెండు ప్రశ్నలను విడదీయకుండా చూసిన ఒక మహిళ జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాల్యం, చదువు

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో జన్మించారు. ఏడేళ్ల వయసులో తండ్రి మరణించారు. ఆస్తి తల్లి గిరిజాబాయికి దక్కలేదు. స్త్రీకి సొంత సంపాదన ఎంత అవసరమో కమలాదేవి చిన్ననాడే గ్రహించారు. పద్నాలుగేళ్లకు పెళ్లి జరిగింది. కొద్దికాలానికే భర్త చనిపోయారు. ఆనాటి ఆచారాలను కాదని ఆమె చదువు కొనసాగించారు. తరువాత సరోజినీ నాయుడు తమ్ముడు, హైదరాబాదులో పెరిగిన కవి హరీంద్రనాథ్ చట్టోపాధ్యాయను వివాహం చేసుకున్నారు. లండన్‌లో చదువుతుండగా గాంధీజీ ఉద్యమం ఆకర్షించడంతో 1923లో స్వదేశానికి తిరిగివచ్చారు.

ప్రజా జీవితం

1926లో ఆమె మద్రాసు శాసన మండలికి పోటీచేసి, కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు. దేశ విభజన తరువాత ఢిల్లీకి చేరిన శరణార్థుల కోసం సహకార సంఘాన్ని స్థాపించారు. ఢిల్లీ సమీపంలోని ఫరీదాబాద్‌లో వారి పునరావాసానికి పాటుపడ్డారు. దానం కన్నా చేతికి పని ఇవ్వడమే మేలని ఆమె నమ్మకం.

కలంకారీకి పునర్జన్మ

1952లో అఖిల భారత చేతివృత్తుల మండలి ఏర్పడింది. దానికి కమలాదేవి నాయకత్వం వహించారు. అప్పటికి మిల్లు బట్టల, రసాయన రంగుల పోటీకి ఎన్నో వృత్తులు నిలవలేకపోతున్నాయి. శ్రీకాళహస్తి కలంకారీ వాటిలో ఒకటి. పనికి ఆదరణ లేకపోతే పిల్లలు నేర్చుకోరు. ఒక తరం నేర్చుకోకపోతే విద్య అంతటితో ఆగిపోతుంది. అందుకే 1950వ దశకం చివర్లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రాన్ని ఏర్పాటు చేశారు. పెద్దల దగ్గర యువకులు పని నేర్చుకున్నారు. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ లభించింది.

కలంకారీలో ప్రకృతి కేవలం బొమ్మ కాదు, పనిలో భాగస్వామి. ముందుగా నూలు బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో చాలా రోజులు ఊరబెట్టి నల్ల రంగు తయారుచేస్తారు. వెదురు పుల్ల కలంతో ఆ నీరు పెట్టగానే కరక్కాయలోని వగరుతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, ఎర్ర రంగునిచ్చే వేళ్లతో, చెక్కతో ఉడికిస్తారు. పాలు రంగు పక్కకు పాకకుండా ఆపుతాయి. మధ్య మధ్య బట్టను పారే నీటిలో ఉతకాలి. అంటే ఏరు బాగుంటేనే రంగు బాగుంటుంది.

గుర్తింపు

కమలాదేవికి 1955లో పద్మభూషణ్, 1966లో రామన్ మెగసెసే అవార్డు, 1987లో పద్మవిభూషణ్ లభించాయి. 1988 అక్టోబరు 29న బొంబాయిలో ఆమె కన్నుమూశారు.

చేతివృత్తుల మండలి 1956లో ప్రారంభించిన మ్యూజియం ఢిల్లీలో ప్రగతి మైదానం దగ్గర ఉంది. లక్ష్మీనగర్ నుంచి యమున దాటితే అక్కడికి చేరవచ్చు. మీ బొమ్మలు గీసే ముందు ఒకసారి చూసిరండి. ఆకును చూసి గీయడం సులభం. ఆ ఆకు నుంచి రంగు తీయడం తెలిసిన మనిషిని గుర్తించి, తగిన ప్రతిఫలం ఇచ్చినప్పుడే మీ పని పూర్తవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కలంకారీలో కరక్కాయ ఉపయోగమేమిటి?
2. శిక్షణ కేంద్రం ఎందుకు అవసరమైంది?
3. మీ ఊరిలో కనుమరుగవుతున్న ఒక చేతివృత్తి గురించి అయిదు వాక్యాలు రాయండి.