రథశిల్పి కాలిన్ చాప్మన్

పాతవస్తువును పాఱవైచుట సులభము. దానియందలి లోపమేదో కనుగొని, తన చేతులతో సరిదిద్ది, క్రొత్తదానికంటె మేలుగా చేయుట కష్టము. అట్టి కష్టమును బాల్యక్రీడవలె చేపట్టి, దానినే జీవితవిద్యగా మలచుకొని, పందెపుకార్ల నిర్మాణపద్ధతినే మార్చివేసిన ఆంగ్లేయు డొకడు కలడు. అతడే కాలిన్ చాప్మన్.

అతని పూర్తిపేరు ఆంథొనీ కాలిన్ బ్రూస్ చాప్మన్. అతడు 1928వ సంవత్సరము మే నెల 19వ తేదీన లండను నగరసమీపమందలి రిచ్మండులో జన్మించెను. తండ్రి స్టాన్లీ లండనులోని హార్న్సీ అను పేటలో రైల్వే హోటలు అను పేరుగల భోజనపానశాలను నడపుచుండెను. కాలిన్ 1945లో లండను యూనివర్సిటీ కళాశాలలో చేరి నిర్మాణశాస్త్రము నభ్యసింపసాగెను. వంతెనలు, దూలములు, స్తంభములు బరువు నెట్లు మోయునో, ఎచ్చట వంగునో, ఎచ్చట విఱుగునో తెలుపు శాస్త్రమది. అది మోటారుబండ్లకు సంబంధించిన శాస్త్రము కాదు. అయినను ఆ శాస్త్రమే తరువాత అతని కీర్తికి పునాది యయ్యెను. విద్యార్థిగా నున్నపుడే అతడు విశ్వవిద్యాలయ విమానదళమున చేరి విమానము నడపుటయు నేర్చుకొనెను.

ఆ దినములలోనే అతడు మిత్రునితో గూడి పాతకార్లను కొని అమ్ము వ్యాపార మారంభించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినను బ్రిటనులో పెట్రోలు కొఱత తీరలేదు. 1947లో ప్రభుత్వము సొంతకార్లకిచ్చు పెట్రోలు రేషనును నిలిపివేసెను. కార్లను కొనువారే లేకపోయిరి. ఉన్నవానిని వచ్చిన వెలకు అమ్మివేయగా, చాప్మన్ సంపాదించిన ధనమంతయు హరించిపోయెను. చివరకు అమ్ముడుపోని కారొకటి మిగిలెను. అది పాత ఆస్టిన్ సెవెన్. మఱియొకడైనచో ఆ నష్టమును తలచుకొని దుఃఖించుచు కూర్చుండెడివాడే. చాప్మన్ మాత్రము ఆ మిగిలిన బండిని పందెములకు పనికివచ్చునట్లు తిరిగి నిర్మింప నిశ్చయించెను.

ఆస్టిన్ సెవెన్ అనునది 1922లో హెర్బర్టు ఆస్టిన్ సామాన్య కుటుంబములకై ప్రవేశపెట్టిన చిన్నకారు. దాని అడుగుచట్రము మిక్కిలి తేలికైనది. ముందువైపు దగ్గఱగా కలిసి, వెనుకకు పోవుకొలది విడిపోవు రెండు సన్నని ఉక్కుదోనెలే ఆ చట్రము. నెమ్మదిగా పోవునపుడు దానివలన చిక్కు లేదు. కాని ఎగుడుదిగుడు నేలపై వేగముగా నడపినపుడు ఆ చట్రము మెలిపడుచుండెను.

బాలబాలికలారా! చట్రము మెలిపడినచో నష్టమేమని మీరడుగవచ్చును. కుంటికాళ్ల మంచమును తలచుకొనుడు. ఒక మూల కూర్చున్నచో మఱియొక మూల లేచును. బండిచట్ర మట్లు ఊగుచున్నచో, చక్రములను నేలకు అదిమిపట్టవలసిన కమాను కట్టలు తమ పనిని సరిగా చేయజాలవు. చట్రమే ఒక అదుపులేని కమానువలె ప్రవర్తించును. మలుపున నాలుగు చక్రములు తగినట్లు నేలను పట్టుకొనవు. నడపువాడొకటి తలచిన బండి మఱియొకటి చేయును. కావున కమానులను దిద్దుటకు ముందు చట్రమును బిగువుగా చేయవలయును.

బిగువు చేయుటకు ఇనుమును కుప్పగా చేర్చుట మార్గము కాదు. ఒక చిన్నపరీక్ష చేసి చూడుడు. మందపాటి కాగితమును గొట్టముగా చుట్టి, అంచులను జిగురుతో అంటింపుడు. రెండుకొనలను పట్టి మెలిపెట్టుడు. అది లొంగదు. ఇపుడు ఆ గొట్టమును నిలువునా ఒక్కచోట కత్తిరించి మరల మెలిపెట్టుడు. అదే కాగితము, అదే బరువు. అయినను అది సులభముగా మెలిపడును. మూసిన గొట్టమునకు గల బిగువు తెఱచిన దోనెకు లేదు. మఱియొక పరీక్ష. నాలుగు కఱ్ఱముక్కలను మేకులతో చతురస్రముగా కూర్పుడు. మూలను నెట్టినచో అది ప్రక్కకు ఒఱగును. ఒక మూలనుండి ఎదుటిమూలకు ఐదవ కఱ్ఱను కొట్టుడు. ఇక అది కదలదు. త్రిభుజము ఒఱగదు. చాప్మన్ సాధించిన విజయములలో అధికభాగము ఈ రెండు సూత్రములనుండి పుట్టినదే.

అతనికి కాబోవు భార్య హేజెల్ విలియమ్సు. ఆమె తల్లిదండ్రుల యింటివెనుక ఒక చిన్న మోటారుషెడ్డు ఉండెను. అందులో, హేజెల్ సాయము చేయుచుండగా, చాప్మన్ పాతబండి పైభాగమును ఊడదీసెను. తెఱచియున్న చట్రపు దోనెలను మూసి పెట్టెలవలె చేసెను. అల్యూమినియపు రేకు తొడిగిన ప్లైవుడ్డుతో క్రొత్త దేహమును నిర్మించి, దానిలోపల అడ్డుగోడలను నిలిపి, చట్రముతో ఏకముగా బిగించెను. అంతకుముందు దేహము చట్రముపై మోపబడిన మోత మాత్రమే. ఇపుడది చట్రమునకు తోడై బరువును పంచుకొనసాగెను. విమానముల దేహము నిర్మించు పద్ధతి యిదియే. 1948లో ఈ బండి పందెములలో పాల్గొని బహుమతులు గెలుచుకొనెను. దానికి చాప్మన్ లోటస్ అని పేరిడెను. లోటస్ అనగా కమలము. ఆ పేరేల పెట్టెనో అతడు లోకమునకు ఎన్నడును వెల్లడింపలేదు.

అతని చదువు నిరాటంకముగా సాగినదని తలపకుడు. చివరిపరీక్షలో గణితమున అతడు తప్పెను. మరల వ్రాసి పట్టమందెను. కొంతకాలము వైమానికదళమున పనిచేసి, అటుపిమ్మట బ్రిటిష్ అల్యూమినియం కంపెనీలో ఇంజనీరుగా చేరెను. పగలు ఉద్యోగము, రాత్రులు బండ్లపని. 1951లో పాత ఆస్టిన్ సెవెన్ కార్లకై ఏర్పడిన పందెములకు మూడవ లోటసును సిద్ధపఱచెను. దాని చట్రమును గూడ మూసి, పైన ఉక్కుగొట్టములను కూర్చి బిగువు చేసెను. ఆ యేడు ఆ పందెములలో దానికి ఎదురు లేకపోయెను.

1952 జనవరి 1వ తేదీన అతడు మైకేల్ ఆలెనుతో కలిసి లోటస్ ఇంజనీరింగు సంస్థను స్థాపించెను. కార్ఖానా ఎచ్చట? తండ్రి హోటలు వెనుకనున్న పాత గుఱ్ఱపుశాలలో. మూలధనమెంత? హేజెల్ అప్పుగా ఇచ్చిన 25 పౌనులు. ఆరవ లోటసుతో అతడు పాతచట్రములను విడిచి, సన్నని ఉక్కుగొట్టములను త్రిభుజములుగా కూర్చిన సొంతచట్రమును నిర్మించెను. దాని బరువు సుమారు 25 కిలోగ్రాములు మాత్రమే. దీనిని భాగములుగా అమ్ముచుండిరి. కొన్నవారు తమ యింటివద్దనే దానిని కూర్చుకొనుచుండిరి.

విజయములతోపాటు పొరపాట్లును కలిగెను. 1954లో నిర్మించిన ఎనిమిదవ లోటసు చట్రమును అతడు శాస్త్రసమ్మతముగా, ఎక్కడను సందులేకుండ త్రిభుజములతో నింపివేసెను. చట్రము అద్భుతముగా నుండెను. కాని దానినుండి ఇంజనును వెలికి తీయవలెనన్న ఇంజనునే విడదీయవలసి వచ్చెడిది! కాగితముపై దోషములేని వస్తువైనను పనివాని చేతికి అనుకూలింపనిచో అది సంపూర్ణము కాదని చాప్మన్ గ్రహించెను.

1962వ సంవత్సరము అతని జీవితమున ముఖ్యమైనది. ఆ యేడు ఎలాన్ అను రెండుసీట్ల కారు వెలువడెను. అది పైకప్పు లేని కారు. దేహము ఫైబరుగ్లాసుతో చేసినది. కప్పులేని బండి మూతలేని పెట్టెవంటిది, సులభముగా మెలిపడును. అందుచేత ఉక్కురేకును మడిచి మూసిన పెట్టెవంటి వెన్నెముకను నడుమ నిలిపి, రెండుకొనలను కవలుగా చీల్చి చక్రముల భాగములను బిగించిరి. దేహముపై ఆధారపడక ఆ వెన్నెముకయే బండిని మోసెను.

అదే సంవత్సరము మే నెలలో హాలండు దేశపు జాండ్ఫోర్టు పందెమున 25వ లోటసు కనిపించెను. దానిలో గొట్టపుచట్రమే లేదు. అల్యూమినియపు రేకులతో చేసిన రెండు పొడవైన పెట్టెలను ఇరుప్రక్కల నిలిపి, వానిని నేలరేకుతోను అడ్డుగోడలతోను కలిపిరి. పెట్రోలు సంచులు ఆ పెట్టెలలోనే యుండెను. చోదకుడు నడుమ వెల్లకిల పరుండినట్లుండి నడపవలయును. గొట్టములతో చేసిన అంతకుముందటి బండికంటె ఇది తేలికైనది. బిగువో, సుమారు మూడురెట్లు. చూచిన తక్కినవారు ఆశ్చర్యపడి, కొలదికాలములోనే పలువురు అదే మార్గమును అనుసరించిరి. స్కాట్లండు రైతుకుటుంబమునకు చెందిన జిమ్ క్లార్కు ఆ బండితో 1963లో పది పందెములలో ఏడింట గెలిచి ప్రపంచవిజేత యయ్యెను. 1965లో మరల ప్రపంచవిజేతయై, అమెరికాలోని ఇండియనాపోలిస్ పందెమును గూడ గెలిచెను. 1967లో చాప్మన్ మఱియొక మెట్టెక్కెను. 49వ లోటసులో ఇంజనునే చట్రములో భాగముగా చేసి, వెనుకచక్రముల భారమును దానిపైననే మోపెను. మొదటి పందెముననే అది గెలిచెను.

విద్యార్థులారా! ఇంతవరకు చెప్పినది వెలుగు. నీడను గూడ చెప్పనిచో చరిత్ర సంపూర్ణము కాదు. బిగువు వేఱు, దృఢత వేఱు. మెలిపడకుండుట బిగువు, విఱుగకుండుట దృఢత. బరువును తగ్గింపవలెనను పట్టుదలలో చాప్మన్ కొన్ని సమయములందు అపాయపుటంచునకు పోయెనని అతని చోదకులే భావించిరి. 1969 మే నెలలో స్పెయిన్ పందెమున రెండు లోటసు బండ్ల వెనుక రెక్కలు విఱిగి పడెను. ఆ ప్రమాదములో గాయపడిన యోకెన్ రింటు అను చోదకుడు, బండ్లకు వేగము చాలినంత కలదనియు, కొంత బరువు పెరిగినను బలహీనమైన భాగములను గట్టిపఱచుమనియు చాప్మనునకు లేఖ వ్రాసెను. మరుసటి యేడు సెప్టెంబరు 5వ తేదీన ఇటలీలోని మోంజాలో రింటు బండి అదుపుతప్పి కంచెను ఢీకొని అతడు మరణించెను. ముందు బ్రేకు కడ్డీ విఱుగుట ప్రమాదమునకు మొదలనియు, కంచె సరిగా బిగింపకుండుట ప్రాణహానికి కారణమనియు విచారణలో తేలెను. అప్పటికే అతడు సంపాదించిన అంకెలను ఎవ్వరును దాటలేకపోయినందున, ఆ సంవత్సరపు ప్రపంచవిజేత బిరుదము మృతుడైన రింటునకే దక్కెను. అంతకు రెండేండ్లముందు, 1968 ఏప్రిల్ 7న, ప్రాణమిత్రుడైన క్లార్కును గూడ చాప్మన్ జర్మనీలోని పందెములో కోల్పోయియుండెను. ఆ దుఃఖమతనిని విడువలేదు.

అయినను పని మానలేదు. 1978లో బండిక్రింది గాలితోనే బండిని నేలకు అదుముకొను 79వ లోటసుతో మారియో ఆండ్రెట్టి ప్రపంచవిజేత యయ్యెను. చాప్మన్ జీవితకాలమున లోటసు చోదకులు ఆరుసార్లును, నిర్మాతగా లోటసు ఏడుసార్లును ప్రపంచవిజయమును పొందెను. 1982 డిసెంబరు 16వ తేదీన, 54వ యేట, గుండెపోటుతో అతడు హఠాత్తుగా మరణించెను. డిలోరియన్ అను కారును తీర్చిదిద్దుటకు లోటసు సంస్థ చేసుకొన్న ఒప్పందపు ధనమును గూర్చి తరువాత విచారణలు జరిగి, అతని సహచరుడొకడు శిక్షింపబడెను. ఆ వ్యవహారము అతని పేరునకును మచ్చ తెచ్చెను.

నేడు పందెపుకార్ల దేహమును కార్బను నారతో ఒక్క గుల్లగా చేయుచున్నారు. అవి మిక్కిలి తేలికైనవి, మిక్కిలి బిగువైనవి, ఘోరప్రమాదములందును చోదకుని కాపాడుచున్నవి. దేహమే చట్రమైన ఆ గుల్లకు, హార్న్సీ యువకుడు ప్లైవుడ్డుతో పాత ఆస్టినును గట్టిపఱచిన నాటి యూహతో చుట్టఱికము కలదు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినవి రెండు. చేతిలోనున్నది పాతబండియే యైనను, శాస్త్రము తెలిసినవానికి అదియే గురువగును. ఎంత తెలివితో భారమును తగ్గించినను, ఆ బండిలో కూర్చుండువాడు మన నమ్మకముపై ప్రాణము నుంచినాడని మఱవరాదు. మొదటిది చాప్మన్ తన విజయములతో నేర్పెను. రెండవదానిని అతని చోదకులు తమ ప్రాణములతో నేర్పిరి.