పోన్ కింగ్‌పెచ్

నేడు థాయిలాండని పిలువబడు దేశమునకు 1939 వరకు సయామని పేరు. ఆ దేశమున సముద్రతీరమందలి హువాహిన్ పట్టణమున 1935వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీని మానా సీదోక్‌బువాబ్ అను బాలుడు జన్మించెను. లోకమాతని నాపేర నెరుగదు. ముష్టియుద్ధ రంగమున నతడు ధరించిన పోన్ కింగ్‌పెచ్ అను నామమే ప్రసిద్ధమయ్యెను.

ఆ దేశీయులకు ముష్టియుద్ధము క్రొత్త విద్య కాదు. అయితే వారి ప్రాచీన పద్ధతియందు పిడికిళ్లతోపాటు మోచేతులును, మోకాళ్లును, పాదములును గూడ నుపయోగింతురు. పాశ్చాత్య పద్ధతియందన్ననో, తోలు తొడుగులు ధరించిన పిడికిళ్లే సాధనములు. ఈ పద్ధతిలో లోకవిజేత కావలెనని యత్నించిన థాయీలు లేకపోలేదు గాని, 1960 వరకు నొక్కడును కృతార్థుడు కాలేదు.

ఆ యేట ఏప్రిల్ 16వ తేదీని బాంకాకు నగరమందలి లుంపినీ క్రీడారంగమున, రాజు భూమిబల్ చూచుచుండగా, పోను అర్జెంటీనా దేశీయుడగు పాస్క్వల్ పెరెజ్ నెదిరించెను. 112 పౌనులకు మించని బరువుగల ఫ్లైవెయిటు తరగతిలో పెరెజ్ 1954 నుండి లోకవిజేత. 1948లో లండను ఒలింపిక్ క్రీడలయందు స్వర్ణపతకము నందినవాడు. అయిదడుగుల యెత్తైనను లేని యావీరుని యెదుట పోను తాటిచెట్టువలె నుండెను. పదునైదు రౌండ్లు పోరిన పిమ్మట న్యాయనిర్ణేతలలో నిద్దరు పోనునకును, ఒకడు పెరెజ్‌నకును మ్రొగ్గిరి. థాయిలాండునకు లభించిన మొదటి లోకవిజేత యతడే. ఆ సెప్టెంబరులో లాస్ ఏంజలీసున మరల తలపడి, ఎనిమిదవ రౌండుననే పెరెజ్ నోడించెను.

1962 అక్టోబరు 10వ తేదీని టోక్యోలో పందొమ్మిదేండ్ల హరాదా అను జపాను యువకుడు పదునొకండవ రౌండున నతనిని పడగొట్టెను. మూడు మాసములకే, 1963 జనవరి 12న, బాంకాకులో పోను హరాదాను గెలిచి బిరుదమును మరల గైకొనెను. అయినను అసలు పరీక్ష ముందున్నది. ఆ సెప్టెంబరు 18న టోక్యోలో ఎబిహరా యను వేరొక జపానీయుని యెదుట, పదునైదు రౌండ్లకు సిద్ధపడి వెళ్లిన పోను మొదటి రౌండైనను పూర్తిగా నిలువలేక కూలిపోయెను. ఇంతటి పరాభవము పిమ్మట ఆట విడిచినను నతనిని తప్పుపట్టువారుండరు. కాని నాలుగు మాసములు గడచిన పిమ్మట, 1964 జనవరి 23న, బాంకాకులో అతడు ఎబిహరా యెదుటనే మరల నిలిచెను. ఈసారి పదునైదు రౌండ్లును పోరి, మువ్వురు నిర్ణేతలలో నిద్దరి తీర్పున గెలిచెను. ఆ తరగతిలో ముమ్మారు లోకవిజేతయైన వాడతనికి పూర్వము లేడు.

పోగొట్టుకొన్నది పరదేశమునను, రాబట్టుకొన్నది స్వదేశమునను గదాయని కొంద రాక్షేపింపవచ్చును. ఆ మాటలో కొంత నిజమున్నది. అయినను 1961లో సెకీని, 1962లో నోగుచిని, జపానీయుల నిరువురను వారి టోక్యోలోనే అతడు పదునైదేసి రౌండ్లు పోరి జయించిన సంగతి మరువరాదు.

1965 ఏప్రిల్ 23న రోము నగరమున ఇటలీ దేశీయుడగు బురూనీ అతనిని జయించెను. బిరుదము మరల నతని చేతికి రాలేదు. పిమ్మట కొలది కాలమునకే అతడు రంగమునుండి విరమించెను. 1982 మే 31న, నలువదియేడవ యేట మరణించెను. హువాహిన్‌లో అతని విగ్రహము ప్రతిష్ఠింపబడినది.