హెచ్చరికను దాటేయొద్దు.. ధవన్ నేర్పిన ‘రివ్యూ’ పాఠం

సిస్టమ్స్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నారా? కోడ్ రాయడం మీకు వచ్చు. మరి ఇంకొకరి కోడ్‌లో తప్పు పట్టుకోవడం, ఆ మనిషిని నొప్పించకుండా దాన్ని సరిచేయించడం? ఈ విషయంలో సతీశ్ ధవన్ జీవితం మంచి పాఠం. ఒకప్పటి నెల్లూరు జిల్లా తీరంలోని శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఉన్నది ఆయన పేరే.

ధవన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో గణితం, భౌతికశాస్త్రంతో డిగ్రీ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆపై మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ‘నా చదువు ఒక దారిలో లేదే’ అని బెంగపడేవాళ్లు ఇది గమనించండి. 1951లో అమెరికాలోని కాల్‌టెక్‌లో పీహెచ్‌డీ పూర్తిచేసి, అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్సీలో చేరారు. 1962లో దానికి డైరెక్టర్ అయ్యారు. 1972లో ఇస్రో ఛైర్మన్ పదవి వచ్చినా ఐఐఎస్సీని వదల్లేదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి తొలి ఎస్‌ఎల్‌వీ-3 లేచింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. ప్రయోగానికి ముందే కంప్యూటర్ ఆగమని హెచ్చరించింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకేజీ ఉన్నా నిల్వ సరిపోతుందని నిపుణులు లెక్కగట్టారు. హెచ్చరికను పక్కనపెట్టి ముందుకెళ్లారు. రెండో దశ అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకు ధవనే వచ్చి బాధ్యత తనమీద వేసుకున్నారు. లోపల మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో వెతికించారు. 1980 జులై 18న అదే తీరం నుంచి ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఈసారి విలేకరులతో మాట్లాడమని కలాంను పంపారు. 2002 జనవరి 3న ధవన్ కన్నుమూశారు. అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఇక మీ పనికొద్దాం. లైనక్స్ కెర్నల్‌లో ‘కేకాపీడీ’ అనే భాగం ఉంది. ఒక డిస్క్ నుంచి మరో డిస్క్‌కి డేటా కాపీ చేయడం దాని పని. ఒకేసారి ఎనిమిది చోట్లకు కూడా రాయగలదు. పని ముగిశాక చదవడంలో ఎర్రర్ వచ్చిందా, రాసేటప్పుడు ఏ గమ్యంలో వచ్చిందా విడివిడిగా చెబుతుంది. మామూలుగా ఎర్రర్ రాగానే ఆగిపోతుంది. కానీ ‘ఎర్రర్ వచ్చినా కానివ్వు’ అనే ఫ్లాగ్ కూడా ఉంది. అది కనిపిస్తే రివ్యూలో మీరు అడగాల్సినవి ఇవే: ఈ ఫ్లాగ్ ఎందుకు పెట్టారు? వచ్చిన ఎర్రర్‌ను తర్వాత ఎవరు చూస్తున్నారు? ఎవరూ చూడకపోతే చెడిపోయిన కాపీ మంచిదానిలా చలామణీ అవుతుంది. కస్టమర్ డేటా పోయాకగానీ ఎవరికీ తెలియదు.

కెర్నల్ కోడ్ అందరికీ ఉచితమే. ఈ ఫైల్ తెరిచి, ఎర్రర్ ఎటు వెళ్తోందో చివరిదాకా పట్టుకోండి. ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత మాట ఒకటి దొరుకుతుంది. రివ్యూ రాసేటప్పుడు మాత్రం ‘నువ్వు తప్పు చేశావు’ అనకండి. ‘ఈ లైన్‌లో ఎర్రర్ పోతోంది’ అనండి చాలు.