వాల్‌చంద్ హీరాచంద్: విశాఖలో ఓడ, కుర్లాలో కారు



మన గోడపత్రికలో "గొప్పవారి జీవితాలు" శీర్షిక ఈసారి నా వంతుకి వచ్చింది. గాంధీ గారి గురించి, అల్లూరి సీతారామరాజు గురించి, మన సవర భాష కోసం పాటుపడిన గిడుగు రామమూర్తి పంతులు గారి గురించి మనవాళ్లు ఇదివరకే రాసేశారు. అందుకని నేను ఒక వ్యాపారి గురించి రాస్తున్నాను. వ్యాపారి కథ మనకెందుకు అని పక్కకి వెళ్లిపోకండి. టెన్త్ అయ్యాక మనలో చాలామందిమి ఐటీఐకి వెళ్తాం. ఐటీఐ అయిన సీనియర్లు కొందరు చెన్నై వైపు కార్ల కంపెనీలకి, కార్ల విడిభాగాల కంపెనీలకి పోతున్నారు. అక్కడ అన్ని విదేశీ కంపెనీలు ఎందుకున్నాయి అని అడిగితే, మన దేశంలో కూలి చవక కాబట్టి అని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే వాల్‌చంద్ హీరాచంద్ జీవితం చూడాలి.

ఆయన 1882 నవంబరు 23న షోలాపూర్‌లో పుట్టారు. ఇంటి పేరు దోషి. గుజరాతీ జైన కుటుంబం. వాళ్ల ఇంట్లో పత్తి వ్యాపారం, వడ్డీ వ్యాపారం ఉండేవి. వాల్‌చంద్‌కి అవి నచ్చలేదు. రైల్వేలో గుమస్తాగా చేసిన లక్ష్మణరావు ఫాటక్ అనే ఆయనతో కలిసి రైలు మార్గాల కాంట్రాక్టులు పట్టారు. బొంబాయి, పూనా మధ్య భోర్ ఘాట్ కొండల్లో రైలు సొరంగాలు తవ్వించింది ఆయన కంపెనీయే. కొండ తొలిచి దారి వేయడమంటే ఏమిటో కొండల నుంచి వచ్చిన మనకి వేరే చెప్పక్కర్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో గ్వాలియర్ మహారాజు సింధియా దగ్గర "లాయల్టీ" అనే ఓడ అమ్మకానికి వచ్చింది. యుద్ధకాలంలో అది ఆస్పత్రి ఓడగా పనిచేసింది. వాల్‌చంద్, నరోత్తమ్ మొరార్జీ, మరికొందరు కలిసి దాన్ని కొన్నారు. సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అలా మొదలైంది. ఆ ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయి నుంచి లండన్‌కి బయలుదేరింది. ఇప్పుడు ఏప్రిల్ 5న మన దేశంలో జాతీయ నౌకాయాన దినం జరుపుకునేది అందుకే.

ఓడ కొనడం ఒక ఎత్తు, నడపడం ఇంకో ఎత్తు. అప్పుడు మన తీరం పొడుగునా బ్రిటిష్ కంపెనీల ఓడలే తిరిగేవి. మన ఉత్తరాంధ్ర వాళ్లు "రంగం" వెళ్లేవారని ముసలివాళ్లు చెప్పడం వినే ఉంటారు. రంగం అంటే బర్మాలోని రంగూన్. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో ఇక్కడి కంటే కూలి ఎక్కువని విశాఖపట్నం, కాకినాడ లాంటి రేవుల్లో ఓడెక్కి వేలమంది పోయేవారు. వాళ్లు కట్టిన టిక్కెట్టు డబ్బు ఎక్కువగా బ్రిటిష్ కంపెనీకే చేరేది. ఆ ఓడల్లో బొగ్గు వేసేవాళ్లు, తాళ్లు లాగేవాళ్లు చాలావరకు మన దేశపు కళాసీలే. అదే పని చేసే తెల్ల కళాసీకి ఇచ్చే జీతంలో వీళ్లకి దక్కేది చిన్న వాటా. ఒకే సముద్రం, ఒకే ఓడ, జీతాలు మాత్రం రెండు రకాలు. అంటే కూలి చవక అనే మాట కార్లతో పుట్టింది కాదు. చవక కూలీలు మనవాళ్లు, లాభం మాత్రం ఓడ గలవాడిది.

సింధియా ఓడలు పోటీకి దిగేసరికి బ్రిటిష్ కంపెనీలు సరుకు రవాణా ఛార్జీలు బాగా దించేశాయి. పెద్ద కంపెనీ కొన్నాళ్లు నష్టానికైనా నడపగలదు, చిన్న కంపెనీ ఈలోగా మునిగిపోతుంది. అదీ ఎత్తు. చివరికి 1923లో సింధియా కంపెనీ ఒక ఒప్పందానికి తలవంచాల్సి వచ్చింది. ఇన్ని ఓడలకి మించి పెట్టుకోకూడదు, ఫలానా దారుల్లోనే తిరగాలి అని అందులో షరతులు పెట్టారు. అంతటితో వాల్‌చంద్ ఊరుకోలేదు. ఓడలు కొనడమే కాదు, ఇక్కడే కట్టాలి అనుకున్నారు.

ముందు కలకత్తాలో స్థలం చూశారు. అక్కడ కుదరలేదు. అప్పుడు విశాఖపట్నం వచ్చారు. 1941 జూన్ 21న డాక్టర్ రాజేంద్రప్రసాద్ గారు అక్కడ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. పనులు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. 1948 మార్చి 14న "జల ఉష" అనే 8,000 టన్నుల ఓడని ప్రధాని నెహ్రూ గారు విశాఖలో నీళ్లలోకి దించారు. స్వతంత్రం వచ్చాక మన దేశంలో కట్టిన మొదటి పెద్ద ఓడ అది.

ఇక కారు సంగతికి వద్దాం. దానికి ముందు అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 1914 జనవరిలో ఫోర్డు తన కార్మికుడి రోజు జీతం 5 డాలర్లు చేశాడు. అంతకు ముందు 9 గంటలకి దాదాపు 2 డాలర్ల 34 సెంట్లు ఉండేది. ఇప్పుడు పని 8 గంటలే. జాలిపడి చేసిన పని కాదది. అంతకు ముందు ఏడాదే అతని ఫ్యాక్టరీలో కదిలే లైను పెట్టారు. కారు మనిషి దగ్గరికి నడిచి వస్తుంది. ఒకడు బోల్టు పెడతాడు, పక్కవాడు నట్టు బిగిస్తాడు. కారు చట్రం బిగించడానికి ఇదివరకు పన్నెండున్నర గంటలు పట్టేది, అది సుమారు గంటన్నరకి దిగింది. రోజంతా ఒకే నట్టు బిగించలేక కార్మికులు మానేసి పోతుంటే, వాళ్లని ఆపడానికి జీతం పెంచాడు. ఆ 5 డాలర్లలో సగం షరతుల మీద ఇచ్చేది. కార్మికుడు తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని ఇంటికి మనుషుల్ని పంపి చూసేవారు. జీతం పెరిగినా కారు ధర పెరగలేదు. 1908లో 850 డాలర్లు ఉన్న మోడల్ టీ కారు 1925 నాటికి 300 డాలర్ల లోపుకి వచ్చేసింది.

ఇది ఎలా కుదిరింది అంటారా? ఒక చెరువు గట్టు వేయాలనుకోండి. పారా గునపం పట్టిన ఇరవై మంది పది రోజులు చేస్తారు. జేసీబీ అయితే ఒక్క రోజులో తేల్చేస్తుంది. ఆ డ్రైవరు జీతం ఇరవై మందిలో ఏ ఒక్కడి కూలి కంటే అయినా ఎక్కువే. అయినా గట్టుకి అయ్యే మొత్తం ఖర్చు జేసీబీకే తక్కువ. కూలి ఎంత అనే లెక్క ఒక్కటే చాలదు. ఆ కూలికి ఎంత పని బయటికి వచ్చింది అనేది కూడా చూడాలి.

ఆ రోజుల్లో అమెరికా కంపెనీలు ఫోర్డు, జనరల్ మోటార్స్ మన దేశంలోనూ ఉండేవి. బొంబాయిలో షెడ్లు వేశాయి. కానీ కారు ఇక్కడ తయారయ్యేది కాదు. ముక్కలన్నీ పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి, ఇక్కడివాళ్లు బిగించేవారు, అంతే. మన కూలి అప్పుడూ చవకే, అమెరికా కూలితో పోలిస్తే ఎంతో చవక. కూలి చవక ఒక్కటీ చాలితే అప్పుడే కార్ల ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిసి ఉండాలి కదా! వెలవలేదు. ఎందుకంటే ఇంజను పోత పోసే కార్ఖానా, మంచి ఉక్కు రేకు, పనిముట్లు చేసే యంత్రాలు, గీసిన నక్షా చదవగల మనిషి ఇక్కడ తయారు కావాలని పాలకులకి లేదు.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1930లలోనే కార్ల ఫ్యాక్టరీకి పథకం వేశారు. దాన్ని వాల్‌చంద్ భుజాన వేసుకున్నారు. 1939లో అమెరికా వెళ్లి పెద్ద కంపెనీలని అడిగారు. బ్రిటిష్ సామ్రాజ్యంలో ఫోర్డు వ్యాపారపు హక్కులు కెనడా ఫోర్డు కంపెనీ చేతిలో ఉండేవి, అది ఒప్పుకోలేదు. చివరికి క్రైస్లర్ కంపెనీ సరేనంది. అప్పటికి యుద్ధం మొదలైంది. సైన్యానికి వేలకొద్దీ లారీలు కావాలి. అయినా ఢిల్లీలోని బ్రిటిష్ ప్రభుత్వం ఈ ఫ్యాక్టరీని యుద్ధానికి అవసరమైన పరిశ్రమగా ఒప్పుకోలేదు. ఆ మధ్యలోనే ఆయన మైసూరు సంస్థానంతో కలిసి 1940లో బెంగుళూరులో విమానాల ఫ్యాక్టరీ పెట్టారు. దాన్ని తర్వాత ప్రభుత్వం తీసేసుకుంది. ఈనాటి హెచ్.ఏ.ఎల్. అదే.

1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ ఏర్పడింది. 1947లో బొంబాయి పక్కన కుర్లాలోని ఫ్యాక్టరీ నుంచి క్రైస్లర్ వారి బండ్లు బయటికి వచ్చాయి. మొదట్లో అవీ తెచ్చి బిగించినవే. ఒక్కొక్క భాగం ఇక్కడ చేయడం నేర్చుకుంటూ పోయారు. తర్వాత ఇటలీ ఫియట్ కంపెనీతో ఒప్పందం కుదిరింది. ఆ ఫియట్ కారుకే 1970లలో పద్మిని అనే పేరు వచ్చింది. పాత సినిమాల్లో కనిపించే నలుపు, పసుపు బొంబాయి ట్యాక్సీ అదే.

ఈ మనిషిని దేవుణ్ణి చేసి రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన లాభం కోసమే పనిచేశారు, దేశం పేరు చెప్పి ప్రభుత్వం సాయమూ అడిగారు. విశాఖలో కూలి చవక అయినా, అక్కడ కట్టిన ఓడ ఇంగ్లండులో కట్టిన ఓడ కంటే ఖరీదు ఎక్కువ అయ్యేది. ఇంజను, సామాను పైనుంచి రావాలి, పని చేయి తిరగడానికి ఏళ్లు పట్టాలి. ఆ తేడా డబ్బు ప్రభుత్వం భరించింది. 1952లో షిప్‌యార్డు చాలావరకు, 1961లో పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది. కార్ల సంగతీ అంతే. సొంతంగా తయారు చేయని కంపెనీలు ఇక్కడ ఉండకూడదని ప్రభుత్వం తేల్చాక 1954 నాటికి ఫోర్డు, జనరల్ మోటార్స్ వెళ్లిపోయాయి. దాంతో మన ఫ్యాక్టరీలు నిలబడ్డాయి. కానీ పోటీ లేక అదే కారు పైపై మార్పులతో దశాబ్దాలు నడిచింది. డబ్బు కట్టినా ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చేది. 1983లో మారుతి వచ్చాక ఆ కార్లకి గిరాకీ పడిపోయింది. పిల్లవాడికి నడక వచ్చే దాకా చెయ్యి పట్టుకోవాలి, వచ్చాకా వదలకపోతే వాడు పరుగు నేర్చుకోడు.

వాల్‌చంద్ ఇవన్నీ చూడలేదు. 1949లో పక్షవాతం వచ్చింది. మరుసటి ఏడాది వ్యాపారం నుంచి తప్పుకున్నారు. 1953 ఏప్రిల్ 8న గుజరాత్‌లోని సిద్ధపూర్‌లో చనిపోయారు.

ఇప్పుడు మన సంగతి. కొరియా కంపెనీ హ్యుందాయ్ 1998 నుంచి చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో కార్లు చేస్తోంది. మన రాష్ట్రంలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా 2019 నుంచి చేస్తోంది. 1990లలో తిరిగి వచ్చిన ఫోర్డు మాత్రం 2022లో చెన్నైలో కార్ల తయారీ ఆపేసింది. మూడు కంపెనీలకీ దొరికింది ఒకే రకం కూలి. అయినా ఇద్దరు నిలబడ్డారు, ఒకరు ఆగిపోయారు. ఇక్కడివాళ్లకి కావలసిన కారు, కావలసిన ధరలో చేయడం, చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలు నమ్మకంగా ఉండడం, ఎన్ని కార్లు అమ్ముడుపోతాయనేది — ఇవన్నీ కూలి కంటే పెద్ద లెక్కలు. కాబట్టి కూలి ఇంకా తగ్గిస్తే ఫ్యాక్టరీ నిలబడుతుందని ఎవరైనా చెప్తే ఊరికే నమ్మక్కర్లేదు.

తేడా దేశాల మధ్యే కాదు, ఒకే లైను మీద కూడా ఉంది. మా పెద్దమ్మ కొడుకు ఫిట్టరు చదివి, చెన్నై దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో అప్రెంటిస్‌గా చేశాడు. పక్కన నిలబడి అదే పని చేసే పర్మనెంటు ఆయన జీతంలో సగం కూడా ఇతనికి రాలేదు. ఏడాది అవ్వగానే పంపించేశారు. మా అన్న వచ్చి చెప్పింది ఏటంటే, రెండు చేతులు ఉన్నవాడు దొరికితే చాలు అనుకునే చోట జీతం పెరగదు, మిషన్ ఆగిపోతే బాగుచేయగలవాణ్ణి మాత్రం వదలరు అని. అయితే పనితనం ఒక్కటే సరిపోదని నాకు అనిపిస్తుంది. అమెరికాలో ఫోర్డు కార్మికులు కూడా 1941లో యూనియన్‌కి గుర్తింపు సాధించుకునే దాకా అతని దయ మీదే బతికారు.

మన భావనపాడు పక్కన మూలపేటలో ఓడరేవుకి 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. మొదట దాన్ని భావనపాడు పోర్టు అనేవారు. రేపు అక్కడికి ఓడలు వస్తాయి, ఫ్యాక్టరీలూ రావచ్చు. మనలో ఎవరో ఒకరం అక్కడ పనికి వెళ్తాం. వెళ్లే ముందు మూడు సంగతులు అడగాలని నా మనవి. ఉద్యోగం పర్మనెంటా, కాంట్రాక్టా? మనకి నేర్పేది ఏ పని? అదే పని చేసే పక్కవాడి జీతం ఎంత?

లెక్కల సారు, సైన్సు సారు చెప్పే నక్షాలు, కొలతలు శ్రద్ధగా నేర్చుకుందాం. ఐటీఐ ఫారాలు ఎప్పుడు వస్తాయో వార్డెన్ సారు నోటీసు బోర్డులో పెట్టాలని కోరుతున్నాను. వచ్చే నెల ఈ శీర్షిక ఎవరు రాస్తారో ముందుగా నాకు చెప్పండి, నా దగ్గరున్న పుస్తకం ఇస్తాను.

— పదో తరగతి విద్యార్థి