చెంపమీద రెండు వేళ్ళు – లారెంట్ క్లెర్క్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. గాంధీగారి గురించి, సర్వేపల్లివారి గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను లారెంట్ క్లెర్క్ గురించి వ్రాస్తున్నాను. ఇంటిపేరు క్లెర్క్ అయినా ఆయన మనలో చాలామందిలాగా గుమాస్తా కాదు, నాలాగా బడిపంతులు. చెవులు వినిపించని బడిపంతులు. వినికిడి లేనివారిలో చదువుకున్నవారు ఆయన పేరును ఎంతో గౌరవంగా తలుచుకుంటారు. నాకు మాత్రం ఉద్యోగ విరమణ చేసేదాకా ఆ పేరు తెలియదు. ముందే తెలిసి ఉంటే నా బడిలో చదివిన ఒక పిల్లవాడి బ్రతుకు వేరుగా ఉండేదేమో. అందుచేత ముందు వాడి సంగతి చెప్పి, తర్వాత క్లెర్క్ దగ్గరకు వస్తాను.

అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం దాటిన తర్వాత అడవి అంచున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో నేను చాలా ఏళ్ళు పనిచేశాను. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటిన సంగతి మన ప్రాంతపు సభ్యులెవరూ మరచిపోరు. ఆ మరుసటి ఏడాది ఒక కోయ గూడెం నుంచి ఒక తండ్రి తన ఎనిమిదేళ్ళ కొడుకును తెచ్చి బడిలో చేర్చాడు. వాడికి వినిపించదు, మాట రాదు. కాని వ్రాత ముత్యాలకోవ. నల్లబల్ల మీద ఏది వ్రాసినా తప్పు లేకుండా దించేవాడు. తాను వ్రాసినదేమిటో వాడికి ఒక్క ముక్క తెలియదని నేను గ్రహించడానికి నెలలు పట్టింది. గ్రహించిన తర్వాత కూడా నేను చేసినది ఏమీ లేదు. మిగతా కోయ పిల్లలు తెలుగు అర్థంగాక తికమకపడితే నేను నాలుగు కోయ మాటలు నేర్చుకుని పాఠం చెప్పేవాణ్ణి. వాళ్ళకు కనీసం ఒకరికొకరు తోడు ఉండేవారు. వీడికి ఎవరూ లేరు. ఆటల గంటలో కూడా కిటికీ పక్కనే కూర్చునేవాడు. వేసవిలో తునికాకు కోతకు వెళ్ళి మళ్ళీ బడికి రాలేదు. పశువులు కాస్తున్నాడని ఎవరో చెప్పారు. హాజరు పట్టీలో వాడి పేరు నేనే కొట్టివేశాను.

ఇక క్లెర్క్ సంగతి. ఆయన 1785 డిసెంబరు 26న ఫ్రాన్సు దేశంలో లియాన్ నగరానికి దగ్గరగా ఉన్న లాబాల్మ్ అనే పల్లెటూళ్ళో పుట్టాడు. తండ్రి దస్తావేజులు వ్రాసే నోటరీ, ఆ ఊరికి పెద్ద కూడా. ఏడాది వయసులో పిల్లవాడు కుర్చీలోంచి పొయ్యి మంటల్లో పడ్డాడు. కుడి చెంప కాలి మచ్చ మిగిలింది. వినికిడి పోయినది ఆ ప్రమాదం వల్లనేనని ఇంట్లోవారు నమ్మారు. ఏడేళ్ళప్పుడు తల్లి లియాన్‌కు తీసుకువెళ్ళి వైద్యం చేయించింది. రోజూ చెవుల్లో ఏవో ద్రవాలు ఎక్కించారు కాని ఫలితం లేకపోయింది. ఇక చేసేదేమీ లేదని ఇంటి దగ్గరే ఉంచారు. పన్నెండేళ్ళు వచ్చేదాకా తల్లి పెంచే టర్కీ కోళ్ళను పొలానికి తోలడం, ఆవులను మేపడం, తండ్రి గుర్రాన్ని నీళ్ళకు తీసుకువెళ్ళడం, ఇవే ఆయన పనులు. ఈ ముక్క మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. ఫ్రాన్సు అయినా, మన అడవి అంచు అయినా, వినపడని పిల్లవాడి చేతికి పెద్దలు ఇచ్చినది పశువుల కర్రే.

క్లెర్క్ అదృష్టం ఏమిటంటే, ఆయనకు పట్టుదల గల పినతండ్రి ఒకాయన ఉన్నాడు. 1797లో ఆ పినతండ్రి పిల్లవాణ్ణి పారిస్‌లోని బధిర పాఠశాలలో చేర్చాడు. అబే ద లెపే అనే క్రైస్తవ గురువు స్థాపించిన బడి అది. వినపడని పిల్లలు తమలో తాము చేసుకునే సైగలను ఆయన తప్పుపట్టలేదు. వాటినే ఆధారం చేసుకుని చదువు చెప్పాడు. ఆయన 1789లోనే చనిపోయాడు గాని బడి నిలిచింది. అక్కడ క్లెర్క్‌కు మొదట పాఠం చెప్పిన జాన్ మాసియూ కూడా వినికిడి లేనివాడే. తనలాంటివాడు పెద్దవాడై, గురువై, గౌరవంగా బ్రతకడం క్లెర్క్ అక్కడే చూశాడు. నోటితో పలికించాలని ఒక ఉపాధ్యాయుడు కొంతకాలం ప్రయత్నించి, ఒక అక్షరం సరిగా పలకలేదని గడ్డం కింద కొట్టాడట. నాలుక తెగినంత పని అయింది. ఆ తర్వాత క్లెర్క్ జీవితమంతా నోరు విప్పి మాట్లాడటానికి ఒప్పుకోలేదు. చేతులతోను, కలంతోను మాట్లాడాడు.

ఆ బడిలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా వచ్చిన పిల్లవాడికి తోటివారు ఒక సైగ పేరు పెట్టేవారు. క్లెర్క్‌కు పెట్టిన పేరు రెండు వేళ్ళతో చెంపను కిందికి నిమరడం. కాలిన మచ్చే పేరైంది. అందులో ఎగతాళి లేదు. నువ్వు మా వాడివి అని చెప్పడం అది.

1806లో ఆయన ఆ బడిలోనే ఉపాధ్యాయుడయ్యాడు. 1815లో గురువు సికార్‌తోను, మాసియూతోను కలసి లండన్ వెళ్ళి ప్రదర్శనలు ఇచ్చాడు. అక్కడ థామస్ గాలోడెట్ అనే అమెరికన్ పరిచయమయ్యాడు. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో గాలోడెట్ ఇంటి పక్క డాక్టరుగారి కూతురు ఆలిస్‌కు వినికిడి లేదు. ఆ అమ్మాయికి చదువు చెప్పే విద్య నేర్చుకోవడానికే ఆయన సముద్రం దాటి వచ్చాడు. పారిస్‌లో కొన్నాళ్ళు నేర్చుకున్న తర్వాత, తన ఒక్కడివల్ల ఈ పని కాదని గ్రహించి, తనతో రమ్మని క్లెర్క్‌ను కోరాడు. కన్నతల్లిని, పుట్టిన దేశాన్ని విడిచి 1816 జూన్‌లో క్లెర్క్ ఓడ ఎక్కాడు. ప్రయాణం 52 రోజులు. ఓడ మీద క్లెర్క్ ఆయనకు సైగలు నేర్పాడు, ఆయన క్లెర్క్‌కు ఇంగ్లీషు నేర్పాడు.

ఊరూరా తిరిగి చందాలు ప్రోగుచేసి, 1817 ఏప్రిల్ 15న హార్ట్‌ఫర్డ్‌లో బడి తెరిచారు. మొదటి రోజుల్లో ఉన్నది ఏడుగురు విద్యార్థులు. వారిలో ఆలిస్ ఒకతె. 1819లో అమెరికా ప్రభుత్వం ఆ బడికి సుమారు 23,000 ఎకరాల భూమి ఇచ్చింది. నానా ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు తమ ఇళ్ళలో వాడుకున్న సైగలను వెంట తెచ్చుకున్నారు. క్లెర్క్ తెచ్చిన ఫ్రెంచి సైగలతో అవి కలిశాయి. ఆ కలయికలో నుంచే నేటి అమెరికా సంజ్ఞా భాష పుట్టింది. దాన్ని ఏ పండితుడూ బల్ల ముందు కూర్చుని తయారు చేయలేదు. భోజనాల దగ్గర, ఆటస్థలంలో, పడకగదిలో పిల్లలే తయారు చేసుకున్నారు.

క్లెర్క్ 1819లో తన విద్యార్థిని అయిన ఎలిజా బోర్డ్‌మన్‌ను వివాహమాడాడు. ఆమెకు కూడా వినికిడి లేదు. ఇతర రాష్ట్రాల్లో బధిర పాఠశాలలు పెట్టేవారికి శిక్షణ ఇచ్చాడు. 1850లో పూర్వ విద్యార్థులు హార్ట్‌ఫర్డ్‌లో సమావేశమై గాలోడెట్‌కు, క్లెర్క్‌కు వెండి కూజాలు బహూకరించారు. ఒకప్పుడు తమ ఊళ్ళలో ఒంటరిగా పెరిగినవారు ఒకచోట చేరి గురువుగారికి సన్మానం చేశారు. 41 సంవత్సరాలు పనిచేసి 1858లో ఉద్యోగ విరమణ చేశాడు. 1869 జూలై 18న, 83వ ఏట కన్నుమూశాడు.

ఆయన పోయిన పదకొండేళ్ళకు, 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన మహాసభ సైగలు మాని నోటితోనే చదువు చెప్పాలని తీర్మానించింది. బధిర ఉపాధ్యాయులు ఎందరో ఉద్యోగాలు కోల్పోయారు. పిల్లలు చేతులు కదిపితే శిక్షించిన బడులు ఉన్నాయి. ఆ తీర్మానం తప్పని అదే మహాసభ 2010లో వాంకూవర్‌లో ఒప్పుకుని విచారం తెలిపింది. మన దేశంలో కలకత్తా బధిర పాఠశాల 1893 నాటిది. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలో ప్రత్యేక పరిశోధన కేంద్రం మాత్రం 2015లో వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సంజ్ఞా భాషను గుర్తించింది.

మళ్ళీ మా పిల్లవాడి సంగతికి వస్తాను. 2009లో శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళాను. మరునాడు సాయంత్రం గోదావరి కరకట్ట మీద ఏడెనిమిది మంది యువకులు గుంపుగా నిలబడి చేతులతో మాట్లాడుకుంటున్నారు. ఒకటే నవ్వులు. వారిలో ఒకడు నన్ను చూసి పరుగున వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. వాడే. బంధువులెవరో కొత్తగూడెం తీసుకువెళ్ళి కుట్టుపనిలో పెట్టారట. అక్కడ బధిర పాఠశాలల్లో చదివిన స్నేహితులు దొరికారు. వారి దగ్గర భాష నేర్చుకున్నాడు. ఈ సంగతులన్నీ వారిలో చదువుకున్న ఒక అబ్బాయి కాగితం మీద వ్రాసి చూపాడు. నన్ను స్నేహితులకు పరిచయం చేస్తూ మావాడు రెండు వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి ఎగబీల్చినట్లు చూపాడు. అందరూ నవ్వారు. ఆ రోజుల్లో నాకు ముక్కుపొడి అలవాటు. అది నా సైగ పేరని, బడిలో ఉన్నప్పుడే మావాడు తన మనసులో పెట్టుకున్నాడని ఆ అబ్బాయి వ్రాశాడు. ఆ కాగితం చివరనే క్లెర్క్ పేరు, చెంపమీది రెండు వేళ్ళ సంగతి వ్రాసి ఇచ్చాడు.

హాజరు పట్టీలో నేను వాడి పేరు కొట్టివేశాను. వాడు నాకొక పేరు పెట్టి ఇరవై ఏళ్ళకు పైగా దాచాడు. ఆ రోజు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

పెన్షనరు మిత్రులకు నా మనవి ఒక్కటే. మీ వీధిలో, మీ బంధువుల ఇంట్లో, మీరు పనిచేసిన గూడెంలో వినికిడి లేని పిల్లలు ఉంటే వయసు మీరకముందే ఆసుపత్రిలో పరీక్ష చేయించండి. మండల విద్యాశాఖాధికారిని కలిసి భవిత కేంద్రం గురించి, బధిర పాఠశాలల గురించి అడగండి. మరీ ముఖ్యంగా, అలాంటి పిల్లలు నలుగురు ఒకచోట కలిసేటట్లు చూడండి. మనకు తీరిక ఉంది, కార్యాలయాల మెట్లెక్కిన అనుభవం ఉంది. నేను 1987లో చేయని పని ఇది. మీలో ఒక్కరు చేసినా నాకు తృప్తి.