ఎక్స్ దగ్గర ఆగిన జాన్సన్

రాత్రి స్టడీ అవర్ అయ్యాక మేము ఆడుకునే ఆట ఒకటుంది. ఒకరు అక్షరం చెబుతారు. మిగతావాళ్ళం దానితో మొదలయ్యే ఇంగ్లీషు పదాలు, అర్థాలతో సహా చెప్పాలి. ఎక్స్ వస్తే అందరం తెల్లమొహం వేస్తాం. 1755లో ఇంగ్లీషు నిఘంటువు వెలువరించిన శామ్యూల్ జాన్సన్ కూడా అక్కడే ఆగారని తెలిసి మాకు ధైర్యం వచ్చింది. ఎక్స్‌తో మొదలయ్యే ఇంగ్లీషు మాటే లేదని ఆయన రాసేశారు. ఎక్స్‌రే వచ్చింది 1895లో కదా!

జాన్సన్ 1709లో ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డులో జన్మించారు. తండ్రి పుస్తకాల కొట్టు నడిపేవారు. చిన్నప్పుడే జబ్బు చేసి ఒక కన్ను సరిగా కనిపించేది కాదు. ఆక్స్‌ఫర్డులో చదివేటప్పుడు బూట్లు చిరిగి వేళ్ళు బయటికి కనిపించేవి. ఎవరో జాలిపడి గుమ్మం ముందు కొత్త జత పెడితే కోపంతో విసిరేశారట. మాలో కొందరమైతే తొడుక్కునేవాళ్ళమే! డబ్బుల్లేక 13 నెలలకే ఆ చదువు ఆగిపోయింది.

1746లో నిఘంటువు పని ఒప్పుకున్నారు. మూడేళ్ళన్నది తొమ్మిదేళ్ళు పట్టింది. ఆయన పుస్తకాలు చదువుతూ, కావలసిన పదం కింద పెన్సిలుతో గీత గీసి, అంచున దాని మొదటి అక్షరం వేసేవారు. ఆరుగురు సహాయకులు వాటిని చీటీల మీదికి ఎక్కించేవారు. 1752లో భార్య చనిపోయింది. అయినా పని పూర్తిచేశారు. మొత్తం 42,773 పదాలు. గుర్రం కాలిలో ఒక భాగానికి తప్పు అర్థం రాశారు. ఎందుకలా రాశారని ఒకావిడ అడిగితే, తెలియక రాశానని ఒప్పుకున్నారు.

నిఘంటువు రావడానికి కొద్ది వారాల ముందు ఆక్స్‌ఫర్డు ఆయనకు ఎం.ఏ. పట్టా ఇచ్చింది.