లండనులో అంబేద్కరు

భీమరావు రాంజీ అంబేద్కరు 1891వ సంవత్సరము ఏప్రిల్ 14వ తేదీన మధ్యభారతమునందలి మౌ పట్టణమున జన్మించెను. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యములో సుబేదారుగా పనిచేసినవాడు. వారిది మహారు కులము. ఆ కాలమున ఆ కులమువారిని ఇతరులు అంటరానివారుగా చూచుచుండిరి. పాఠశాలలో భీమరావు తన యింటినుండి తెచ్చుకొన్న గోనెపట్టాపై వేరుగా కూర్చుండవలసి వచ్చెను. దాహము వేసినపుడు కుళాయిని ముట్టుటకు వానికి వీలులేదు. బంట్రోతు వచ్చి తిప్పినగాని నీరు లభింపదు. బంట్రోతు రానినాడు దాహమును సహించి యుండవలసినదే.

ఇన్ని అవమానములు పొందియు ఆ బాలుడు చదువును విడువలేదు. బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి 1912లో బి.ఏ. పట్టము పొందెను. మరుసటి సంవత్సరము ఫిబ్రవరిలో తండ్రి మరణించెను. ఆ దుఃఖములో నుండగనే ఆయనకొక మంచి అవకాశము కలిగెను. బరోడా మహారాజు మూడవ సయాజీరావు గైక్వాడు నెలకు పదకొండున్నర పౌనుల చొప్పున మూడు సంవత్సరములు విద్యార్థివేతన మొసంగి, అమెరికాలో చదువుకొనుటకు పంపెను. చదువు ముగిసిన పిదప పది సంవత్సరములు బరోడా సంస్థానమున ఉద్యోగము చేయవలెనని ఒడంబడిక.

1913 జూలైలో అంబేద్కరు న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. అక్కడ ఆయన ప్రక్కన కూర్చుండుటకు ఎవరును సంకోచింపలేదు. ఒకే బల్లవద్ద అందరితో కలిసి భోజనము చేయుట ఆయనకు క్రొత్త అనుభవము. మొదటి కొలది నెలలు మిత్రులతో విహారములలో గడచినవి. కాని తన్ను పంపిన ప్రభువును, ఇంటివద్ద తనవారు పడుచున్న ఇబ్బందులను తలచుకొని ఆయన మనసు మార్చుకొనెను. ఆనాటినుండి దినమునకు పదునెనిమిది గంటలు చదువునకే వినియోగించెను. వచ్చు వేతనములోనే కొంత ఇంటికి పంపి, మిగిలినదానిలో తిండి తగ్గించుకొని, పాత పుస్తకములు కొనుచుండెను. 1915లో ఎం.ఏ. పట్టము లభించెను.

తరువాత ఆయన 1916లో లండనుకు పోయి, అచటి ఆర్థికశాస్త్ర విద్యాలయములోను, న్యాయవాద విద్యకై గ్రేస్ ఇన్ అను సంస్థలోను చేరెను. చదువు సాగుచుండగనే 1917లో విద్యార్థివేతనపు గడువు ముగిసెను. ప్రారంభించిన చదువు సగములో నిలిచిపోయెను. నాలుగేండ్లలోపల మరల వచ్చి చదువు కొనసాగించుటకు విశ్వవిద్యాలయపు అనుమతిని మాత్రము సంపాదించుకొని ఆయన స్వదేశమునకు బయలుదేరెను. అప్పుడు మొదటి ప్రపంచయుద్ధము జరుగుచుండెను. వేరొక ఓడలో పంపిన ఆయన పుస్తకములు, ఆ ఓడను శత్రువుల జలాంతర్గామి ముంచివేయగా, సముద్రము పాలయ్యెను.

బరోడాలో ఉద్యోగము దొరికినది గాని ఉండుటకు ఇల్లు దొరకలేదు. న్యూయార్కులోను, లండనులోను గది దొరికిన విద్వాంసునకు స్వదేశమున గది లేకపోయెను. పారసీకుల సత్రమొకటిలో తలదాచుకొనగా, కొందరు కర్రలతో వచ్చి ఆయనను వెడలగొట్టిరి. ఆయన ఆ ఉద్యోగమును విడిచి బొంబాయి చేరెను. 1918లో సిడెన్‌హాం కళాశాలలో ఆచార్యపదవి లభించెను. ఆ జీతములో మిగిల్చిన సొమ్మునకు కొల్హాపురపు షాహూ మహారాజు చేసిన సహాయమును, నావల్ భతేనా అను పారసీక మిత్రుడిచ్చిన ఐదువేల రూపాయల అప్పును చేర్చుకొని, 1920 జూలైలో మరల లండను చేరెను. నాలుగేండ్ల గడువులో ఇక మిగిలినది కొద్దికాలము మాత్రమే.

లండను అప్పటికే లక్షలాది జనముతో కిటకిటలాడు మహానగరము. నాటకశాలలు, ఉద్యానములు, వింత వస్తువుల అంగళ్లు అడుగడుగునను కనబడుచుండెను. అంబేద్కరు చేతిలోని ధనము వానికి గాదు. ఆయన ఒక వసతిగృహములో మరియొక భారతీయ విద్యార్థితో కలిసి గదిలో నివసించెను. ఉదయము ఇంటి యజమానురాలు పెట్టు రొట్టెముక్కయు, ఒక కప్పు వేడి పానీయమును ఆయనకు ఫలాహారము. అది ఆకలి తీర్చునంతటిది కాదు. దానిని ముగించి వెంటనే గ్రంథాలయమునకు బయలుదేరుచుండెను. బండి ఖర్చు కలిసివచ్చునని చాలసార్లు నడచియే పోవుచుండెను.

ఆ గ్రంథాలయము బ్రిటిష్ మ్యూజియమునకు చెందినది. 1857లో తెరచిన దాని పఠనమందిరము గుండ్రని ఆకారముతో, పైన గొప్ప గుమ్మటముతో అలరారుచుండెను. పూర్వము కారల్ మార్క్సు చదివినదియు అచ్చటనే. కావలసిన గ్రంథము పేరు వ్రాసి యిచ్చినచో, సేవకులు దానిని తెచ్చి పాఠకుని బల్లపై నుంచుచుండిరి. తలుపులు తెరచు వేళకు వచ్చువారిలో అంబేద్కరొకడు. మూయు వేళకు కడపట లేచువారిలోను ఆయన యొకడు. మధ్యాహ్న భోజనమునకు సొమ్మును లేదు, కాలమును లేదు. సాయంకాలము జేబులనిండ వ్రాసికొన్న కాగితములతో, అలసిన కన్నులతో ఆయన వెలుపలికి వచ్చుచుండెను. దీనితో తృప్తిపడక, ఇండియా ఆఫీసు గ్రంథాలయములోను, విశ్వవిద్యాలయ గ్రంథాలయములోను ప్రభుత్వ నివేదికలను శోధించుచుండెను.

రాత్రి స్వల్పాహారము తీసికొని మరల పుస్తకము తెరచుచుండెను. పది గంటల వేళకు ఆకలి బాధించును. స్వదేశపు మిత్రుడొకడిచ్చిన అప్పడములు కొన్ని ఆయనవద్ద ఉండెను. వానిని రేకు పళ్లెరముపై కాల్చుకొని, ఒక కప్పు పాలతో తిని, తెల్లవారుజాము దాక చదువుచుండెను. గదిలోని సహచరుడు మేల్కాంచి చూచి, నిద్రపొమ్మని బతిమాలుచుండెను. తన పేదరికము తన్ను ఎక్కువకాలము లండనులో ఉండనీయదనియు, కావున చదువును శీఘ్రముగ ముగింపవలెననియు అంబేద్కరు వానికి నచ్చజెప్పుచుండెను.

ఆ మాట నిజము. బొంబాయిలో పరేలు ప్రాంతమున రెండు చిన్న గదులలో ఆయన భార్య రమాబాయి సంసారము నీడ్చుచుండెను. భర్త విడిచిపోయిన కొద్ది సొమ్ముతో ఆమె బిడ్డను, ఇతర బంధువులను పోషింపవలసి యుండెను. లండనులో ఒక దినము వ్యర్థమైనచో, దాని భారము ఆ యింటిమీదనే పడును. ఈ సంగతి తెలిసియుండుటచేతనే ఆయన ఒక్క గంటనైన వృథా చేయలేదు.

ఆ శ్రమ ఫలించెను. 1921 జూన్‌లో ఎం.ఎస్‌సీ. పట్టము లభించెను. 1922లో న్యాయవాదిగా అర్హత పొందెను. అదే సంవత్సరము రూపాయి సమస్యనుగూర్చి డాక్టరు పట్టమునకై పెద్ద గ్రంథము వ్రాసి సమర్పించెను. 1893లో ప్రభుత్వము వెండి నాణెములను ప్రజలకొరకు స్వేచ్ఛగా ముద్రించుట మానిన తరువాత, రూపాయి విలువ ప్రభుత్వపు చేతిలోనిదయ్యెను. విదేశీ మారకపు రేటు నిలుకడకంటె, దేశములో రూపాయి కొనుగోలుశక్తి నిలుకడగ నుండుటయే ముఖ్యమని ఆయన వాదించెను. ధరలు పెరిగినపుడు ముందుగ కష్టపడువారు పేదలేగదా! ఆ గ్రంథములో బ్రిటిషు పాలకుల ద్రవ్యవిధానము తీవ్రముగ విమర్శింపబడెను.

1923 మార్చిలో పరీక్షకులు దానిని యథాతథముగ అంగీకరింపక, తిరిగి వ్రాయుమని కోరిరి. చేతిలోని ధనము అప్పటికే అయిపోయెను. రెండేండ్లకు పైబడిన ఉపవాసములు వ్యర్థమగునా అను స్థితి యేర్పడెను. ఆయన ఏప్రిల్‌లో బొంబాయికి తిరిగివచ్చి, గ్రంథమును సవరించెను. కాని తన సిద్ధాంతములను మార్చలేదు. సవరించిన గ్రంథమును లండనుకు పంపగా, ఆ సంవత్సరాంతమునకు ముందే డాక్టరు పట్టము లభించెను. ఆచార్యుడు ఎడ్విన్ కానన్ దానికి పీఠిక వ్రాసెను. శిష్యుని అభిప్రాయములన్నింటితో తాను ఏకీభవింపకపోయినను, అతని ఆలోచనలోని నవ్యతను ఆయన మెచ్చుకొనెను. అంబేద్కరు ఆ గ్రంథమును తన తల్లిదండ్రులకు అంకితము చేసెను.

తరువాతి కాలమున అంబేద్కరు భారత రాజ్యాంగ ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడయ్యెను. బొంబాయిలో తన పుస్తకములకు తగిన చోటుండునట్లు రాజగృహమను ఇల్లు కట్టించుకొనెను. పేద విద్యార్థులకు చదువు అందవలెనని 1945లో విద్యాసంఘమును స్థాపించి, మరుసటి యేట సిద్ధార్థ కళాశాలను తెరచెను. 1952లో కొలంబియా విశ్వవిద్యాలయమును, 1953లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమును ఆయనకు గౌరవ పట్టములొసంగి సత్కరించినవి. 1956 డిసెంబరు 6వ తేదీన ఆయన పరమపదించెను.

లండనులోని కింగ్ హెన్రీస్ రోడ్డున పదవ సంఖ్యగల ఇంటిలో ఆయన కొంతకాలము నివసించెను. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వము ఆ యింటిని కొని స్మారకమందిరముగ తీర్చిదిద్దెను. అర్ధాకలితో విద్యార్థి యొకడు రాత్రులు మేల్కొని చదివిన నాళ్లకు ఆ యిల్లు గుర్తుగా నిలిచినది.